తెల్లముళ్ల గొడుగు

మా మేడ మీద, నీళ్ల ట్యాంకు నీడ సాయంత్రం పూట పడే మూలలో, ఇరవై ఆరేళ్లుగా ఒక కాక్టస్ పెరుగుతోంది. తెచ్చిన రోజు ఉసిరికాయంత తల ఒక్కటే. ఇవాళ ముప్పై నాలుగు తలలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఏకిన దూది కుండీలో సర్దినట్టు ఉంటాయి. పేరు మామిల్లేరియా ప్లూమోసా. ప్లూమోసా అంటే లాటిన్‌లో ఈకలు గలది అని. దీని పుట్టినిల్లు మెక్సికో ఈశాన్యాన కోవావిలా, న్వేవో లియోన్ రాష్ట్రాల సున్నపురాయి కొండలు. ఫ్రెంచి వైద్యుడు వెబర్ 1898లో దీనికి ఆ పేరు పెట్టాడు.

నేను హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా మనవరాలి స్నేహితులు, వీధిలో పిల్లలు చిన్న చిన్న కాక్టస్ కుండీలు తెచ్చుకోవడం, ఆర్నెల్లకు "అమ్మమ్మా, ఇదెందుకు చచ్చిపోయింది?" అని పట్టుకురావడం చూస్తున్నాను. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే కాగితం మీద పెట్టడం మేలనిపించింది.

1. ముందు భూతద్దం కొనండి, తర్వాత మొక్క.

పది రెట్లు పెద్దదిగా చూపేది చాలు. మొదట వేలితో తాకండి. గుచ్చుకోదు. కోడిపిల్ల వీపు నిమిరినట్టే ఉంటుంది. తల అడ్డంగా ఆరేడు సెంటీమీటర్లకు మించదు, కానీ గుత్తిగా పెరిగితే 40 సెంటీమీటర్ల దాకా పరుచుకుంటుంది. భూతద్దం పెట్టగానే ఆ తెల్లటి ముద్ద నక్షత్రాలుగా విడిపోతుంది. ఒక్కో నక్షత్రంలో 40 దాకా ముళ్లు, ఒక్కొక్కటి 3 నుంచి 7 మిల్లీమీటర్లు. వాటిలో ఒకదాన్నే పట్టుకుని చూడండి. నడుమ సన్నటి ఈనె, దానికి రెండు పక్కలా వెంట్రుకల్లాంటి పోగులు. అచ్చం పిచ్చుక ఈక. చాలా కాక్టస్‌లకు మధ్యలో నిక్కి నిలబడే గట్టి ముల్లు ఒకటో రెండో ఉంటాయి. దీనికి ఆ నడిమి ముల్లే లేదు, అన్నీ చుట్టూ పరుచుకునేవే. ఈ నక్షత్రం ఈకలు పక్క నక్షత్రం ఈకల్లోకి అల్లుకుపోయి లోపలి పచ్చటి ఒళ్లు బయటికి కనబడనే కనబడదు.

మొదటిసారి అలా చూసినప్పుడు నాకు యాభై ఏళ్లు దాటాయి. అప్పటిదాకా కాక్టస్‌ను బొమ్మల్లోనే చెప్పాను.

2. ముల్లు ఆకే. కాకపోతే ఇక్కడ దాని పని కాపలా కాదు.

"ఎడారి మొక్కల్లో ఆకులు ముళ్లుగా మారాయి. ఇది నీరు ఆవిరి కాకుండా, జంతువులు తినకుండా రక్షణ." ఈ రెండు వాక్యాలు బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. తప్పు కాదు. కాక్టస్ ముల్లు నిజంగానే ఆకు మారిన రూపం, ఆహారం తయారుచేసే పనంతా పచ్చటి కాండమే చేస్తుంది. కానీ గుచ్చుకోని ముల్లు ఎవరి నుంచి ఏం కాపాడుతుంది?

జవాబు మే నెలలో మా మేడ మీదే దొరికింది. మధ్యాహ్నం రెండింటికి గచ్చు మీద కాలు పెట్టలేని ఎండ. పక్కనున్న పచ్చటి కాక్టస్ ఒళ్లు ఎండవైపు పసుపు తిరిగి, తర్వాత బెరడు కట్టింది. ఇది మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది. పండిన ముల్లులో బతికున్న కణాలుండవు. ఖాళీ అయిన ఆ గదుల్లో గాలి నిండి ఉంటుంది. వెలుగు వాటిమీద పడి చెదిరిపోతుంది, అందుకే తెలుపు. దూది తెల్లగా కనిపించడానికీ ఇదే కారణం. అంటే ఈ మొక్క తన ఆకులన్నిటినీ చంపుకుని తన నెత్తిన గొడుగు పట్టుకుంది. కొండ మీద చెట్టు నీడ లేదు, తన నీడ తనే నేసుకోవాలి. ఈ ఒక్క సంగతి అర్థమైతే దీన్ని ఎలా పెంచాలో సగం తెలిసినట్టే. ఈకలున్నాయంటే దానికి వెలుగు కావాలని అర్థం. హాల్లో టీవీ పక్కన పెడితే తల పైకి సాగి, బుడిపెలు ఎడమెడమై, మధ్యలో పచ్చదనం బయటపడుతుంది. అందంగా పచ్చబడింది అనుకుంటారు. అది వెలుగు కోసం అలమటించడం.

3. బుడిపెలు లెక్కపెట్టండి.

ఈ మొక్కకు చాలా కాక్టస్‌లకున్నట్టు నిలువు గట్లుండవు. ఒళ్లంతా బుడిపెలే. మామిల్లేరియా అనే పేరే చనుమొన అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. వృక్షశాస్త్రవేత్త హావర్త్ 1812లో ఈ ప్రజాతిని విడదీశాడు. బుడిపె కొసన ముళ్లు పుట్టే మెత్త ఉంటుంది, దాన్ని ఏరియోల్ అంటారు. కాక్టస్ కుటుంబానికి ఆనవాలు అదే. అది ఉంటేనే కాక్టస్. కానీ మామిల్లేరియాలో ఒక విశేషముంది. తక్కిన చాలా కాక్టస్‌లలో ముళ్లు, పూలు ఒకే మెత్త నుంచి వస్తాయి. ఇందులో ముళ్లు బుడిపె కొసన పుడితే, పువ్వు రెండు బుడిపెల మధ్య మొదట్లో, తెల్లటి నూగులోంచి వస్తుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందు ఒకచోట పనికొస్తుంది.

బుడిపెలు వరసల్లో తిరుగుతుంటాయి, ఒక వరస కుడికి, ఒకటి ఎడమకి. మా గుత్తిలో చిన్న తలల మీద ఒక పక్కకు 5, ఇంకో పక్కకు 8 వచ్చాయి. పెద్ద వాటి మీద 8, 13. పొద్దుతిరుగుడు గింజల్లోనూ, అనాసపండు కళ్లలోనూ ఇదే కుటుంబపు లెక్క. బడిలో లెక్కల మాస్టారిని కూడా పిలిచి చూపించదగిన విషయం.

4. పాలు చూసి తీర్పు చెప్పకండి.

"బొమ్మజెముడు కూడా కాక్టసే కదండీ" అంటారు. కాదు. మన బొమ్మజెముడు యూఫోర్బియా జాతి, ఆముదం చెట్టుకు చుట్టం. గిల్లితే పాలు కారతాయి. నాగజెముడు మాత్రం నిజమైన కాక్టస్, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. అంతమాత్రాన పాలు కారితే కాక్టస్ కాదని సూత్రం కట్టకూడదు. మామిల్లేరియాల్లోనే కొన్నింటికి గిచ్చితే పాలు వస్తాయి, మామిల్లేరియా మాగ్నిమామా అందులో ఒకటి. మన ఈకల మొక్కకు నీళ్లరసమే. తేల్చుకోవాలంటే ఏరియోల్ వెతకండి. యూఫోర్బియాకు ముళ్లుంటాయి గాని ఆ నూగు మెత్త ఉండదు.

5. దీని చుట్టాలు మన కూరల గంపలో ఉన్నారు.

ఇది చెబితే పిల్లలు నమ్మరు. అందుకని గంగవాయిలకూర కట్ట తెప్పించి కుండీ పక్కన పెట్టి చెబుతాను. కాక్టస్ కుటుంబానికి దగ్గరి బంధువు అదే. కాస్త దూరపు చుట్టాలు తోటకూర, బచ్చలి, బీట్‌రూట్, గుమ్మం పక్కన కాగితంపూల తీగ. ఎర్ర తోటకూర ఉడికిస్తే అన్నం ఎర్రబడే రంగు, బచ్చలి పండు చిదిమితే వేలికంటే రంగు, కాక్టస్ పూలలోని ముదురు గులాబీ రంగు, ఇవన్నీ బెటలెయిన్లు అనే ఒకే జాతి రంగులు. మందారానికి, నేరేడు పండుకు రంగునిచ్చేవి వేరు, వాటిని ఆంథోసయనిన్లంటారు. సహజంగా ఒకే మొక్కలో ఈ రెండూ కలిసి ఉన్నట్టు ఇంతవరకు కనబడలేదు. గంగవాయిలకూర గింజా, ఈ కాక్టస్ గింజా అరచేతిలో పోసుకోండి. రెండూ నల్లటి ఇసుక రవ్వలే.

6. అది ఊపిరి పీల్చేది రాత్రి పూట.

మామూలు మొక్క పగలు రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తుంది. ఎడారి కొండ మీద పగలు రంధ్రం తెరిస్తే ఒంట్లో నీళ్లన్నీ పోతాయి. అందుకని కాక్టస్ రాత్రి తెరుస్తుంది. లోపలికొచ్చిన బొగ్గుపులుసు వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లారాక రంధ్రాలు మూసి, దాచిన దాన్ని ఎండ సాయంతో వాడుకుంటుంది.

ఈ పద్ధతికి సంబంధించిన తొలి ఆనవాళ్లలో ఒకటి మన దేశం నుంచే వెళ్లింది. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హేన్ రణపాల ఆకు నమిలి చూశాడు. పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉందని 1813లో ఒక ఉత్తరంలో రాశాడు. రాత్రి చేరిన పులుపు పగలు ఖర్చవుతోందన్న మాట. ఈ హేన్, వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ తర్వాత సామర్లకోటలోని కంపెనీ తోటను చూసినవాడు. మన గోదావరి జిల్లాలో పనిచేసిన మనిషి గమనించిన సంగతిని మన పాఠాల్లో అతని పేరు లేకుండా చెబుతున్నామని నాకు బాధగా ఉంటుంది. టీచర్లు ఆ పేరు చెప్పండి. రణపాల ఆకు దొరకని ఊరు లేదు.

పెంచేవాళ్లకు ఈ రాత్రి ఊపిరి వల్ల ఒక పని పడుతుంది. రాత్రి చల్లబడితేనే దీనికి సుఖం. మన ఎండాకాలం రాత్రుళ్లు గచ్చు తెల్లవారుజాము దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. నేను కుండీని గచ్చు మీద నుంచి తీసి మూడడుగుల ఇనుప స్టాండు మీదికి మార్చాను. ఏప్రిల్, మే నెలల్లో పైన సగం వెలుగు వదిలే షేడ్ నెట్ కడతాను. ఆ రెండు నెలలూ మొక్క పెరగదు. పెరగలేదని నీళ్లు ఎక్కువ పోయకూడదు.

7. నీళ్లు తలమీద పోయవద్దు.

నన్ను ఎక్కువ ఏడిపించిన పాఠం ఇదే, అందుకే వివరంగా చెబుతాను.

మొదటి రెండేళ్లు దానికి కూడా గులాబీకి పోసినట్టే పైనుంచి చెంబుతో పోశాను. మాది బోరు నీళ్లు. ఈకల పోగుల మధ్య నీళ్లు ఆగి, ఆరి, ఉప్పు పేరుకుని తెలుపు కాస్తా పాతబడిన పంచె రంగుకు తిరిగింది. ముల్లు బతికున్న భాగం కాదు కాబట్టి ఒకసారి మరక పడితే మళ్లీ బాగుపడదు. కొత్త ఈకలు నడినెత్తిన పుట్టి, పాతవి పక్కలకు జరిగేదాకా ఆగాల్సిందే. ఆ తర్వాత నుంచి వాన నీళ్లు పట్టి ఉంచుకుని, కుండీ కింద పళ్లెంలో పోసి, అరగంటకు మిగిలినవి పారబోస్తున్నాను.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. అప్పటికి గుత్తి పదకొండు తలలకు వచ్చింది. ఒక ఆషాఢంలో మా అమ్మాయి పురిటికి ఊరెళ్లాను. కుండీని వసారాలోకి జరపడం మరిచిపోయాను. పన్నెండు రోజుల ముసురు. తిరిగొచ్చి చూస్తే తెల్లగా, నిండుగా, ఎప్పటికంటే అందంగా ఉంది. ఆనందపడి తల మీద వేలు పెట్టాను. పండిన సపోటాలోకి దిగినట్టు దిగిపోయింది. ఎండను ఆపే ఆ ముసుగే లోపలి కుళ్లును కూడా నా కంటికి కనబడనివ్వలేదు.

ఆ సాయంత్రం కత్తిని స్పిరిట్‌తో తుడుస్తూ ఒక్కొక్క తలా కోశాను. కోసినచోట నడుమ గోధుమరంగు చుక్క కనబడితే ఇంకాస్త పైకి కోయాలి. లేత ఆకుపచ్చ కలిసిన తెల్లటి కండ వచ్చేదాకా వదలకూడదు. పదకొండింట్లో నాలుగే దక్కాయి. వాటిని నీడలో కాగితం మీద తలకిందులుగా పది రోజులు ఆరబెట్టి, కోసిన చోటు తోలులా గట్టిపడ్డాక పొడి ఇసుక మీద కూర్చోబెట్టాను. నెల దాటాక వేళ్లు వచ్చాయి. ఇవాళ్టి ముప్పై నాలుగూ ఆ నాలుగింటి పిల్లలే.

కాబట్టి కంటితో కాదు, వేలితో చూడండి. నెలకోసారి ప్రతి తలనూ మెల్లగా నొక్కి చూడటం నాకు అలవాటైంది. గట్టిగా ఉంటే బతికున్నట్టు. ముడుచుకుని కాస్త మెత్తబడితే దాహం, నీళ్లు పోయండి. నీళ్లూరినట్టు మెత్తబడితే కత్తి తియ్యండి. జూన్ నుంచి అక్టోబరు దాకా కుండీ పైన రేకో, పారదర్శకమైన షీటో ఉండి తీరాలి. పక్కలు మాత్రం మూయకండి, గాలి ఆడాలి.

8. మట్టి తక్కువ, రాయి ఎక్కువ.

అది సున్నపురాయి పగుళ్లలో వేళ్లు దించుకుని బతికే మొక్క. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు నింపిన కుండీలో పెడితే వానాకాలం దాటదు. నేను మూడు వంతుల్లో రెండు వంతులు గరుకు ఇసుక, చిన్న కంకర కలిపి, మిగతా వంతు జల్లించిన మట్టి, కాస్త మాగిన ఆకుల ఎరువు వేస్తాను. సున్నపురాయికి మనకేం కొదవ? తాండూరు నాపరాయి అదే కదా. ఇళ్లు కట్టేచోట కోసిన బండల ముక్కలు ఊరికే పడేస్తారు. వాటిని వేరుశనగ గింజంత ముక్కలుగా కొట్టి పైన పరుస్తాను. మీ దగ్గరున్నది సున్నపురాయో కాదో తెలియకపోతే పొడి చేసి నిమ్మరసం చుక్క వేయండి, బుడగలు వస్తాయి. పైన రాయి ఉంటే తల మొదలు తడి మట్టికి తగలదు. అసలు లాభం అది.

9. పువ్వు చలికాలంలో వస్తుంది. కాయ కావాలంటే ఇంకో తల్లి బిడ్డ కావాలి.

డిసెంబరులో, ముగ్గులు మొదలయ్యే రోజుల్లో, నడినెత్తి చుట్టూ ఈకల సందుల్లోంచి లేత మొగ్గలు తొంగిచూస్తాయి. పువ్వు పెద్దది కాదు, 15 మిల్లీమీటర్లు. మీగడ తెలుపు, రేకు నడుమ సన్నటి లేత చార. ఈకల్లో సగం మునిగి ఉంటుంది. దూరం నుంచి చూసినవాళ్లకు పూసినట్టే తెలియదు. మా ఇంట్లో వాళ్లు "ఇంతేనా" అన్నారు. నాకైతే భూతద్దంలో ఆ కేసరాల గుంపు చూస్తుంటే పొద్దు తెలియలేదు.

పూలు వచ్చినన్ని వచ్చాయి గాని ఏడెనిమిదేళ్లు ఒక్క కాయా కట్టలేదు. సన్నటి కుంచెతో పుప్పొడి ఈ తల నుంచి ఆ తలకు ఎన్నోసార్లు అద్దాను. కారణం తర్వాత తట్టింది. మామిల్లేరియాల్లో చాలావాటికి తన పుప్పొడి తనకు పనికిరాదు. నా తలలన్నీ ఒక్క తల్లి పిలకలు. చూడటానికి ముప్పై, పుట్టుకకు ఒక్కటే. నాతో పనిచేసిన ఒక టీచరమ్మ గింజ నుంచి పెంచిన మొక్క ఒకటి ఇచ్చింది. ఆ చలికాలం రెండింటి మధ్యా కుంచె తిప్పాను. నెలలు గడిచాక ఈకల్లోంచి చిన్న కాయలు బయటికి వచ్చాయి. మెక్సికోలో మామిల్లేరియా కాయల్ని చిలితోస్ అంటారు, చిట్టి మిరపకాయలని అర్థం. ఆకారం చూస్తే మనమూ అదే పేరు పెట్టేవాళ్లం.

గింజల్ని తడి ఇసుక మీద చల్లి, పైన గాజు మూత పెడితే రెండు వారాల్లో మొలిచాయి. ఆవగింజంత పచ్చటి ఉండ, దాని నెత్తిన ఉందా లేదా అన్నట్టు రెండు బీజదళాల మొనలు. ద్విదళబీజం అని బోర్డు మీద రాయడం వేరు, ఆ రెండు మొనలు చూడటం వేరు.

10. పిండినల్లి వస్తే ఆ రోజే పట్టండి.

తెల్లటి ఈకల్లో తెల్లటి పురుగు దాక్కుంటే కనబడదు. అందుకే మిగతా కాక్టస్‌ల కంటే దీనికి ప్రమాదం ఎక్కువ. చీమలు కుండీ ఎక్కుతున్నాయంటే అనుమానించండి. దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి బుడిపెల సందుల్లో తుడవాలి, వారం ఆగి మళ్లీ తుడవాలి. మొక్కను కుండీలోంచి తీసి వేళ్లూ చూడాలి.

ఈ పురుగు చుట్టాలు మన చరిత్రలో ఒక మంచి పని కూడా చేశాయి. కంపెనీవాళ్లు ఎర్రరంగు కోసం 1795లో కోచినీల్ పురుగు అనుకుని వేరే జాతిని దేశంలోకి తెచ్చారు. రంగు సరిగా రాలేదు గాని, అది ఒక రకం నాగజెముడును తినేసింది. పొలాల్ని కమ్మేసిన మరో రకం మీదికి 1926లో దాని సోదర జాతిని దక్షిణాదిలో కావాలనే వదిలారు. పొలానికి మేలు చేసినవాటి చుట్టమే కుండీకి చేటు.

11. అతికించిన పువ్వును పట్టుకోవడం నేర్చుకోండి.

ఒక నర్సరీలో ఈ మొక్కనే నడినెత్తిన గులాబీరంగు పువ్వుతో అమ్మారు. మూడు వారాలైనా వాడలేదు. తాకి చూస్తే ఎండుపువ్వు, వేడి జిగురుతో అతికించినది. లాగితే పువ్వుతో పాటు నడినెత్తి ఈకలూ ఊడి, లేత చిగురు గాయపడింది. మూడో పాఠంలో చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. మామిల్లేరియా పువ్వు బుడిపెల మధ్య నుంచి, నడినెత్తి చుట్టూ వలయంగా వస్తుంది. ముళ్ల మీద పువ్వు కూర్చుని ఉంటే అది మనిషి పెట్టిందే. రంగులు చల్లిన కాక్టస్‌లూ అంతే. రంగు రంధ్రాలను మూసేస్తుంది, వెలుగును ఆపుతుంది.

డ్రాగన్ ఫ్రూట్ కాడ మీద అంటు కట్టినవి కూడా అమ్ముతారు. అది మోసం కాదు, త్వరగా పెరుగుతుంది. ఎర్రగా, పసుపుగా ఉండే బంతి కాక్టస్‌లకు పత్రహరితం ఉండదు గనుక అంటు లేకుండా బతకవు. కానీ ఈకల మొక్కకు ఆ అవసరం లేదు. కాడ కుళ్లిన రోజున పైదీ పోతుంది. సొంత వేళ్ల మీద నెమ్మదిగా పెరిగినదే తీసుకోండి.

12. కొండ నుంచి పెకలించిన మొక్కను ఇంటికి తేవద్దు.

కాక్టస్ కుటుంబంలో దాదాపు అన్ని జాతుల అంతర్జాతీయ వ్యాపారం 1975లో అమల్లోకి వచ్చిన సైటెస్ ఒప్పందం కిందికి వస్తుంది. మన దేశం 1976లో అందులో చేరింది. అయినా దొంగతనంగా తవ్వడం ఆగలేదు. 2015లో నేచర్ ప్లాంట్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం కాక్టస్ జాతుల్లో 31 శాతానికి అంతరించే ముప్పు ఉందని తేల్చింది. ఈకల మొక్క లాంటివి నెమ్మదిగా పెరుగుతాయి. ఇంత గుత్తి నా కుండీలో తయారవడానికి, దగ్గరుండి చూసుకుంటే, ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. కొండ మీద రాతి పగుల్లో ఎన్నేళ్లు పట్టి ఉంటుందో ఆలోచించండి. దాన్ని గడ్డపారతో లేపడానికి ఐదు నిమిషాలు చాలు.

మొదలు బెరడు కట్టి, ఒళ్లు వంకరగా, ఈకలు గాలివానకు అరిగి, వేళ్లు తెగి ఉంటే అది కొండ మొక్క అని అనుమానించాలి. నర్సరీలో పుట్టింది మట్టంగా, శుభ్రంగా, వయసుకు తగినంత చిన్నగా ఉంటుంది. చిన్నదని తీసి పక్కన పెట్టకండి. ధర అడిగే ముందు "ఇది గింజ మొక్కా, పిలకా, ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడగండి. జవాబు చెప్పలేని చోట కొనకండి.